కోలగా వస్తున్న వృత్తం: ఒక 6040 సీఎన్‌సీ రౌటర్‌ను టేకు పనికి దారిలో పెట్టిన కేసు

రాజమహేంద్రవరం దగ్గర్లో పూజ గది తలుపులు, మందిరాలు, ఇంటి పేరు బోర్డులు చేసే ఒక వడ్రంగి షెడ్డులో జరిగిన పని ఇది. ఆయన చేతిపనిలో దిట్ట. ఉలితో తామరపువ్వు చెక్కితే రేకు రేకూ విడిగా కనిపిస్తుంది. ఆర్డర్లు పెరిగాయి, చెక్కడానికి మనుషులు దొరకడం లేదు, అందుకని సెకండ్ హ్యాండ్‌లో ఒక 6040 సైజు సీఎన్‌సీ రౌటర్ (కంప్యూటర్ ఫైల్‌ను బట్టి చెక్కను కోసే యంత్రం) కొన్నారు. 6040 అంటే సుమారు 600 x 400 మి.మీ. మేర కోయగల టేబుల్ మెషీన్. అల్యూమినియం ఫ్రేమ్, గుండ్రటి ఉక్కు రాడ్ల మీద జారే గ్యాంట్రీ (టేబుల్‌కు అడ్డంగా ఉండే వంతెన), 16 మి.మీ. లావుండి ఒక చుట్టుకు 5 మి.మీ. కదిపే 1605 బాల్‌స్క్రూలు, నీళ్లతో చల్లబడే 1.5 కిలోవాట్ స్పిండిల్ (బిట్టును తిప్పే మోటారు), దాని వేగాన్ని మార్చే వీఎఫ్‌డీ. అసలు కంట్రోల్ బాక్స్ తీసేసి ఎవరో జీఆర్‌బీఎల్ 1.1 అనే కంట్రోల్ ప్రోగ్రామ్ నడిచే బోర్డు, బయట విడిగా మోటార్లను నడిపే డ్రైవర్లు పెట్టారు. మెషీన్ అయితే కదులుతోంది, పని మాత్రం రావట్లేదు.

"ఏవండీ, గుండ్రంగా కొయ్యమంటే కోలగా కోస్తోందండి. అక్షరాల అంచులు నల్లగా మాడిపోతున్నాయి. 400కి కోసిన పలక ఫ్రేములో కూర్చోవట్లేదు. ఇవన్నీ ఒక ఎత్తయితే, పని సగంలో ఉండగా అలారం అని చూపించి ఆగిపోతోందండి, ఇంక ఆ చెక్క పొయ్యిలోకే" అన్నారు. టేకు అడుగు ధర తెలిసినవాళ్లకు ఆ చివరి మాటలోని బాధ అర్థమవుతుంది.

నాలుగు ఫిర్యాదులు, నాలుగు వేరు వేరు కారణాలు. కానీ వాటిని ఏది ముందు గుర్తొస్తే అది సరిచేసుకుంటూ పోతే ఎప్పటికీ తేలదు, ఈ కేసు మొత్తంలో నేను గట్టిగా చెప్పదలచుకున్నది అదే. స్క్రూలో లూజు ఉండగా స్టెప్స్ (మిల్లీమీటరుకు మోటారు ఎన్ని అడుగులు వేయాలన్న లెక్క) కొలిస్తే ఆ లూజు కూడా కొలతలోకి వచ్చేస్తుంది. గ్యాంట్రీ మూలమట్టానికి లేకుండా వృత్తం కోస్తే ఆ తప్పును సాఫ్ట్‌వేర్ మీదకు తోస్తాం. అందుకే ముందు కరెంటు, ఎర్త్. తర్వాత బోల్టులు, బేరింగులు, స్క్రూలు. తర్వాత మూలమట్టం, స్పిండిల్ నిలువు. ఆ తర్వాతే సెట్టింగుల్లో అంకెలు, చివర్న బిట్లు, స్పీడ్లు. మన దగ్గర ఎక్కువ మంది దీన్ని తలకిందులుగా చేస్తారు, ఎందుకంటే అంకె మార్చడం తేలిక, బోల్టు విప్పడం కష్టం.

సగంలో ఆగిపోవడం

అలారం 1 అంటే జీఆర్‌బీఎల్ భాషలో హార్డ్ లిమిట్, అంటే గ్యాంట్రీ చివరి స్విచ్చుకు తగిలిందని. కానీ ఇక్కడ గ్యాంట్రీ టేబుల్ మధ్యలో ఉండగానే అలారం వస్తోంది. స్పిండిల్ ఆపి అదే ఫైల్‌ను గాలిలో నడిపిస్తే ఒక్కసారి కూడా రాలేదు, స్పిండిల్ ఆన్ చేస్తే వచ్చింది. ఇంక అనుమానమే లేదు, వీఎఫ్‌డీ నుంచి వచ్చే ఎలక్ట్రికల్ నాయిస్ లిమిట్ స్విచ్ వైర్లలోకి దూరుతోంది. వీఎఫ్‌డీ స్పిండిల్‌కు ఇచ్చేది నున్నటి కరెంటు కాదు, సెకనుకు వేల సార్లు ఆన్ ఆఫ్ అయ్యే పల్సులు. ఆ కేబుల్ పక్కనే, వైర్లను మోసే ఒకే డ్రాగ్ చైన్‌లో, సన్నటి సిగ్నల్ వైర్లు పోతే అవి యాంటెన్నాలా పట్టేస్తాయి.

మల్టీమీటర్ తీసి చూస్తే అసలు విషయం ఇంకా పెద్దది. షెడ్డు సాకెట్‌లో మూడో పిన్నుకు వైరే లేదు. స్పిండిల్ బాడీని తాకితే సన్నగా జివ్వుమంటోందని పనివాళ్లు ముందే చెప్పారట, కొత్త మెషీన్ కదా అలాగే ఉంటుందేమో అనుకున్నారు. అలా ఉండకూడదు, ఎప్పుడూ ఉండకూడదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి బొగ్గు, ఉప్పు వేసి ఎర్త్ గొయ్యి తీయించి, అక్కడి నుంచి విడిగా వైరు లాగి, 15 యాంప్ సాకెట్ పెట్టించేదాకా నేను మెషీన్ ముట్టుకోలేదు. ఇంకొకటి, ఈ రకం స్పిండిళ్లు చాలావాటిలో పైన ప్లగ్గులో నాలుగో పిన్ను ఉంటుంది కానీ లోపల బాడీకి కలిపి ఉండదు. ఉందనుకుని వదిలేయకుండా మీటర్‌తో చూసుకోవాలి. ఇక్కడ కూడా కలపలేదు, అందుకని బాడీ నుంచి విడిగా ఎర్త్ వైరు ఇచ్చాం.

తర్వాత స్పిండిల్‌కు షీల్డ్ ఉన్న నాలుగు కోర్ల కేబుల్ వేసి, ఆ షీల్డ్‌ను వీఎఫ్‌డీ దగ్గర ఎర్త్‌కు కలిపాం. లిమిట్ స్విచ్ వైర్లను ఆ కేబుల్‌కు దూరంగా రెండో పక్క నుంచి తిప్పాం. స్విచ్చులు మామూలుగా తెరిచి ఉండే రకంగా కలిపి ఉన్నాయి, వాటిని మామూలుగా మూసి ఉండే రకానికి మార్చి, సెట్టింగుల్లో $5ను దానికి తగ్గట్టు తిప్పాను. ఇలా చేస్తే వైరు ఎక్కడైనా తెగినా వెంటనే తెలుస్తుంది, నాయిస్ కూడా తేలిగ్గా మోసం చేయలేదు. బోర్డు దగ్గర ఒక్కో స్విచ్ ఇన్‌పుట్‌కు, గ్రౌండ్‌కు మధ్య 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్. దుమ్ము లాగే వాక్యూమ్ ప్లాస్టిక్ గొట్టంలో పొడి రాసుకుని స్టాటిక్ పుడుతుంది కాబట్టి, గొట్టం పొడవునా ఒక రాగి తీగ చుట్టి దాన్నీ ఎర్త్‌కు కలిపాం. అలారం మళ్లీ రాలేదు.

కరెంటు విషయంలో ఇంకో మాట, పల్లె షెడ్లలో పని మధ్యలో కరెంటు పోతుంటుంది. హోమింగ్ స్విచ్చులు పనిచేస్తుంటే అది నష్టం కాదు. మెషీన్‌కు కరెంటు రాగానే హోమింగ్ (మూల స్విచ్చులను తాకి తన చోటు తెలుసుకోవడం) చేయించండి. జీఆర్‌బీఎల్ జీ54 ఆఫ్‌సెట్‌ను, అంటే చెక్క మీద పని జీరో ఎక్కడుందన్న లెక్కను, బోర్డు మెమరీలోనే దాచుకుంటుంది, కాబట్టి చెక్క కదలకపోతే జీరో ఎక్కడుందో దానికి తెలుసు. ఫైల్‌ను సగం నుంచి మొదలుపెట్టేటప్పుడు మాత్రం పైన ఉండే యూనిట్, మోడ్, స్పిండిల్ ఆన్ లైన్లు కోల్పోకూడదు, జెడ్‌ను (పైకి కిందికి కదిలే యాక్సిస్) సేఫ్ ఎత్తుకు లేపి, స్పిండిల్ పూర్తి స్పీడు అందుకున్నాకే కిందికి దించాలి.

స్క్రూలో లూజు, మూలమట్టం

వృత్తం కోసం 100 మి.మీ. వ్యాసంతో ఒక బిళ్ల ఎండీఎఫ్ (చెక్క నారతో చేసిన పలక) మీద కోసి చూశాను. అందరూ దాని వ్యాసం రెండు దిక్కుల్లో కొలిచి వదిలేస్తారు, నిజానికి బిళ్ల ఆకారం అంతకంటే ఎక్కువ చెబుతుంది. అంచు నున్నగా ఉండి ఎక్స్ (ఎడమ కుడి) దిక్కునో వై (ముందు వెనక) దిక్కునో సాగినట్టుంటే స్టెప్స్ తప్పు. ఏటవాలుగా, 45 డిగ్రీల దిక్కున సాగితే గ్యాంట్రీ మూలమట్టానికి లేదు. పైన, కింద, కుడి, ఎడమ అనే నాలుగు చోట్ల చిన్న చదును గానీ మెట్టు గానీ వస్తే అది బ్యాక్‌లాష్, అంటే వెనక్కి తిరిగేటప్పుడు బయటపడే లూజు, ఎందుకంటే యాక్సిస్ వెనక్కి తిరిగేది సరిగ్గా అక్కడే. ఈ బిళ్లలో రెండు కలిసి ఉన్నాయి. వై వెనక్కి తిరిగే రెండు చోట్ల గోటికి తగిలే మెట్టు, పైగా మొత్తం ఆకారం ఏటవాలుగా కోల.

డయల్ గేజ్ (సూదితో సన్నటి కదలికను చూపే కొలత సాధనం) పెట్టి వై యాక్సిస్‌ను ఒక దిక్కుకు 1 మి.మీ. కదిపి సూదిని సున్నా చేసి, వెనక్కి చిన్న చిన్న అడుగులు వేయించాను. సూది కదలడం మొదలయ్యేలోపు 0.22 మి.మీ. పోయింది. ఎక్స్‌లో 0.02 మాత్రమే. బాల్‌స్క్రూకు 0.22 అంటే నట్టు అరిగిపోయిందని కొత్తది ఆర్డర్ పెట్టేస్తారు చాలామంది, దానికంటే ముందు చూడాల్సినవి మూడున్నాయి. మోటార్లు ఆన్‌లో ఉంచి గ్యాంట్రీని చేత్తో ముందుకు వెనక్కి తోస్తూ, స్క్రూ చివర వేలు ఆనించి పట్టుకోవాలి. స్క్రూయే అటూ ఇటూ జరుగుతుంటే బేరింగ్ దగ్గర లూజు. స్క్రూ నిలబడి నట్టు గూడు ఊగుతుంటే దాని బోల్టులు. మోటారు నిలిచి స్క్రూ కాస్త తిరుగుతుంటే కప్లర్ (మోటారును స్క్రూకు కలిపే ముక్క) గ్రబ్ స్క్రూలు. ఇక్కడ స్క్రూయే జరుగుతోంది, మోటారు వైపు బేరింగ్ బ్లాకులో లాక్‌నట్ వదులైపోయింది. దాన్ని బిగించి, మళ్లీ వదులు కాకుండా థ్రెడ్‌లాకర్ జిగురు చుక్క వేసి, కప్లర్ మీద, షాఫ్ట్ మీద మార్కర్‌తో ఒకే గీత గీశాను. ఎప్పుడైనా ఆ గీత రెండుగా విడిపోతే కప్లర్ జారిందని చూడగానే తెలుస్తుంది. వైలో లూజు 0.03కి దిగింది, నట్టు మార్చే పనే లేకపోయింది.

"ఈ లూజును సాఫ్ట్‌వేర్‌లోనే సర్దేయొచ్చని విన్నానండి" అన్నారాయన. మాక్3 లాంటి కంట్రోల్ సాఫ్ట్‌వేర్లలో దానికి బ్యాక్‌లాష్ కాంపెన్సేషన్ అనే ఆప్షన్ ఉంది, జీఆర్‌బీఎల్ 1.1లో లేదు. ఉన్నా చెక్క పనికి దాన్ని నమ్మను. వెనక్కి తిరిగేటప్పుడు కొంచెం ఎక్కువ తిప్పడం వరకే సాఫ్ట్‌వేర్ చేయగలదు, కోత నడుస్తుండగా బిట్టు చెక్కను లాగే బలం గ్యాంట్రీని ఆ లూజులో ఎటు కావాలంటే అటు తోసేస్తుంది.

ఈ లూజు గురించి ఇంత పట్టుబట్టడానికి కారణం తెలుగు అక్షరాలు. ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో సగం నిలువు, అడ్డం గీతలే, అక్కడ 0.2 లూజున్నా కంటికి అంతగా ఆనదు. మన లిపిలో గీత అన్నదే అరుదు. 'శ్రీ'లో గానీ 'క్ష'లో గానీ వంపు వెంట వంపు, ప్రతి వంపులో ఎక్స్ ఒకసారి వై ఒకసారి వెనక్కి తిరుగుతాయి, సున్నా ఒక్కదానిలోనే నాలుగు చోట్ల తిరుగుడు. తిరిగిన ప్రతిచోటా మెట్టు పడితే అక్షరం చేతి వణుకుతో రాసినట్టు కనిపిస్తుంది. ఇంటి పేరు బోర్డు మీద అది కుదరదు.

తర్వాత మూలమట్టం. 3-4-5 సూత్రం వడ్రంగికి నేను చెప్పేది కాదు, గుమ్మం నిలబెట్టేటప్పుడు ఆయన రోజూ వాడేదే. దాన్నే మెషీన్ మీద పెట్టాం. 400 x 300 మి.మీ. దీర్ఘచతురస్రం నాలుగు మూలల్లో 6 మి.మీ. రంధ్రాలు వేయించి, వాటిలో 6 మి.మీ. పిన్నులు దించాం. స్టెప్స్ సరిగ్గా ఉంటే రెండు కర్ణాలూ 500 రావాలి, స్టెప్స్ ఎలా ఉన్నా రెండూ సమానంగా మాత్రం రావాలి. టేపుతో కొలిస్తే అరమిల్లీమీటరు తేడా పట్టుబడదు, అందుకని ఒక రీపు ముక్కను ఒక కర్ణం మీద పిన్నుల మధ్య సరిగ్గా ఇరుక్కునేలా చెక్కి, దాన్నే రెండో కర్ణం మీద పెట్టి, మిగిలిన సందును ఫీలర్ గేజ్‌తో చూశాం. తేడా 1.2 మి.మీ. వచ్చింది. లెక్క వేస్తే 300 మి.మీ. దూరానికి గ్యాంట్రీ 0.75 మి.మీ. ఏటవాలుగా ఉన్నట్టు. తలుపు పలక రెండు ముక్కలుగా కోసి కలిపితే మధ్యలో సందు రావడానికి అది చాలు.

ఈ మెషీన్‌లో గ్యాంట్రీని లాగేది మధ్యలో ఉన్న ఒకే స్క్రూ, కాబట్టి రెండు పక్కల మోటార్లున్న వాటిలా ఒక వైపును జరిపి సరిచేయలేం. గ్యాంట్రీ పక్క పలకలను బేరింగ్ బ్లాకులకు పట్టే బోల్టులు వదులు చేసి, ఒక పక్కను ముందుకు నెట్టి, మళ్లీ రంధ్రాలు వేసి చూసి బిగించాం. విసుగు పుట్టించే పని, కర్ణాల తేడా 0.1 లోపుకు వచ్చేదాకా వదల్లేదు.

స్పిండిల్ నిలువు

25 మి.మీ. సర్ఫేసింగ్ బిట్టుతో చదును చేసిన పలక మీద వేళ్లు నడిపితే సన్నటి గట్లు తగులుతున్నాయి. పాలిష్ పెట్టాక వెలుతురులో అవి ఇంకా బాగా కనబడతాయి. స్పిండిల్ ఒక పక్కకు ఒరిగిందని అర్థం. ఇక్కడ టేబుల్‌ను ఆధారం చేసుకోకూడదు, టేబులే వంకరగా ఉండొచ్చు. టేబుల్ మీద ఒక మందపాటి అద్దం పలక పెట్టి, డయల్‌ను స్పిండిల్ బాడీకి కదలకుండా బిగించి, ఎక్స్ వెంట, వై వెంట నడుపుతూ, సూది కదలకుండా అయ్యేదాకా అద్దం కింద కాగితపు ముక్కలు పెట్టి సర్దాను. ఇప్పుడు అద్దం మెషీన్ కదలికకు సమాంతరం. ఆ తర్వాత డయల్‌ను 100 మి.మీ. చేతికి పెట్టి, కొలెట్‌లో (బిట్టును పట్టే చీలికల గొట్టం) బిగించి, స్పిండిల్‌ను చేత్తో మెల్లగా చుట్టూ తిప్పాను. ఎడమకూ కుడికీ తేడా 0.4 మి.మీ. 200 మి.మీ. వెడల్పుకు 0.4 అయితే 25 మి.మీ. బిట్టుకు 0.05. ఆ గట్టు ఎత్తు అదే.

ఎడమ కుడి వంపు స్పిండిల్ క్లాంపు బోల్టుల దగ్గరే సరిపోయింది. ముందు వెనక వంపుకు క్లాంపుకూ జెడ్ పలకకూ మధ్య షిమ్ (పలచటి రేకు) పెట్టాలి, కూల్‌డ్రింక్ డబ్బా రేకు సుమారు 0.1 మి.మీ. ఉంటుంది, ఒక ముక్క చాలింది. అంతా అయ్యాక పైన 18 మి.మీ. ఎండీఎఫ్ స్పాయిల్‌బోర్డు (టేబుల్‌కు కోత తగలకుండా వేసే పలక) బిగించి, మెషీన్‌తోనే దాన్ని చదును చేశాం. కోస్తా వానాకాలంలో ఎండీఎఫ్ ఊరుతుంది, అంచులకు సీలర్ పూసి, వానలు తగ్గాక మరోసారి పలచగా చదును చేసుకోవాలి.

అంకెలు

పలక 400కి బదులు 401.8 రావడం వెనక కథ ఇంతే. మోటారు ఒక చుట్టుకు 200 అడుగులు, డ్రైవర్ ఒక్కో అడుగును 8గా విడగొడుతుంది, మొత్తం 1600. స్క్రూ చుట్టుకు 5 మి.మీ. అంటే ఒక మిల్లీమీటరుకు 320. సెట్టింగుల్లో ఎక్స్, వైల స్టెప్స్ అయిన $100, $101 రెండూ 321.6 ఉన్నాయి. ముందు సెటప్ చేసినవాళ్లు 40 మి.మీ. చతురస్రం కోసి, అది 39.8 వస్తే, 320ని 40తో గుణించి 39.8తో భాగించి ఆ అంకె పెట్టారు. చిన్న ముక్క అప్పటికి సరిగ్గా 40 వచ్చి ఉంటుంది. 400 మి.మీ. పలక దగ్గరకొచ్చేసరికి అదే సవరణ 2 మి.మీ. పెంచేసింది, అందులోంచి ఆ 0.2 పోగా మిగిలింది 401.8.

ఆ 0.2 స్టెప్స్ తప్పు కాదు, బిట్టు తిరిగేటప్పుడు ఊగడం వల్ల 6 మి.మీ. బిట్టు 6.2 వెడల్పుగా కోస్తోంది. తేడా కనుక్కునే పద్ధతి తేలిక. 40 మి.మీ. ముక్క, 300 మి.మీ. ముక్క రెండూ కోయండి. రెండింటిలో ఒకే 0.2 తక్కువైతే అది బిట్టు. పొడవుతో పాటు తేడా పెరుగుతూ పోతే అప్పుడు స్టెప్స్. బాల్‌స్క్రూ ఉన్న మెషీన్‌లో లెక్కకు వచ్చిన అంకెను మార్చాల్సిన అవసరం దాదాపు రాదు. 320కి వెనక్కి తెచ్చాను.

ఊగడానికి కారణం కొలెట్. ఈఆర్11 కొలెట్ లోపల టేకు జిడ్డు, పొడి గట్టిపడి ఉంది. పైగా పనివాళ్లు కొలెట్‌ను నేరుగా స్పిండిల్‌లో పెట్టి పైన నట్టు తిప్పుతున్నారు. కొలెట్‌ను ముందు నట్టులో కాస్త ఏటవాలుగా పెట్టి టక్కుమనేలా ఇరికించాలి, ఆ తర్వాతే నట్టును స్పిండిల్‌కు ఎక్కించాలి, లేకపోతే అది నిటారుగా కూర్చోదు. ఇంకో అలవాటు కూడా మాన్పించాను. వీ బిట్లలో (వీ ఆకారపు మొన ఉన్నవి) చాలావాటికి కాడ 6.35 మి.మీ. ఉంటుంది, దాన్ని 6 మి.మీ. కొలెట్‌లో బలవంతంగా దూర్చేస్తున్నారు. ఒక్కసారి అలా సాగిన కొలెట్ ఇక 6 మి.మీ. కాడను సరిగా పట్టదు. 6, 6.35, 3.175 మూడు సైజుల మంచి కొలెట్లు తెప్పించాం. బిట్టు దగ్గర ఊపు 0.02కి తగ్గింది.

ఇక స్పీడ్, యాక్సిలరేషన్. ఎక్స్, వైల గరిష్ఠ వేగం చెప్పే $110, $111లో అంకెలు మరీ ఎక్కువ పెట్టి ఉన్నాయి, వేగంగా వెళ్లేటప్పుడు మోటారు గుర్రుమని ఒక్కోసారి అడుగులు తప్పుతోంది. దీనికి నేను వాడే పరీక్ష, డయల్‌ను ఒక చోట సున్నాకు పెట్టి, పూర్తి వేగంతో అటూ ఇటూ చాలాసార్లు తిప్పించి, తిరిగి అదే చోటికి తెచ్చి సూది చూడటం. అడుగులు తప్పే వేగం ఎక్కడ మొదలవుతుందో కనుక్కుని, దానికి 70 శాతం దగ్గర ఆపేస్తాను. యాక్సిలరేషన్ కూడా అలాగే. $1ను 255 చేశాను, అప్పుడు మోటార్లు ఆగినా పట్టు వదలవు. వీఎఫ్‌డీలో గరిష్ఠ ఫ్రీక్వెన్సీ 400 హెర్ట్జ్ ఉందో లేదో చూసుకోండి, ఈ స్పిండిళ్లకు 400 హెర్ట్జ్ దగ్గర 24,000 ఆర్‌పీఎం వస్తుంది.

మాడిపోవడం, అక్షరాలు

టేకు మాడటానికి ఆయన వేసుకున్న మందు, ఇంకా నెమ్మదిగా నడపడం. 24,000 ఆర్‌పీఎం, రెండు పళ్ల 6 మి.మీ. బిట్టు, నిమిషానికి 600 మి.మీ. లెక్క చూడండి. 600ని 48,000తో భాగిస్తే ఒక్కో పన్ను ఒక్కోసారి తినేది 0.0125 మి.మీ. చిత్రికలో బ్లేడు మరీ తక్కువ దించి తోస్తే చెక్క లేవదు, రుద్దుకుని మెరుగెక్కుతుంది, ఇక్కడా అదే జరుగుతోంది. కోయని బిట్టు వేడెక్కుతుంది, వేడెక్కిన బిట్టు మొద్దుబారుతుంది, మొద్దుబారింది ఇంకా రుద్దుతుంది. టేకులో సహజంగా ఉండే సిలికా వల్ల అది ఇంకా త్వరగా మొద్దుబారుతుంది. ఆర్‌పీఎం 16,000కి తగ్గించి, ఫీడ్‌ను (బిట్టు ముందుకు నడిచే వేగం) మెట్లు మెట్లుగా 2,000కి పెంచాం. ఇప్పుడు ఒక్కో పన్నుకు 0.0625 మి.మీ. లోతు మాత్రం ఒక్క పాస్‌కు 2 మి.మీ. దాటనివ్వలేదు, ఈ ఫ్రేమ్ బలం అంతే. పొడి బదులు చిన్న చిన్న పొట్టు రావడం మొదలైంది, బిట్టు చేత్తో ముట్టుకునేంత చల్లగా ఉంది.

మాడటానికి ఇంకో కారణం అక్షరాల ఫైళ్లలోనే ఉంది. తెలుగు ఫాంటు వంపులను క్యామ్ సాఫ్ట్‌వేర్ (బొమ్మను మెషీన్ కదలికలుగా మార్చేది) వందలాది చిన్న గీతలుగా విడగొట్టి ఇస్తోంది. జీఆర్‌బీఎల్ ముందుచూపు 16 కదలికలే, గీతలు మరీ చిన్నవైతే అది వేగం అందుకోలేక తడబడుతూ నడుస్తుంది, నేను పెట్టిన 2,000 కాగితం మీదే ఉంటుంది. క్యామ్‌లో టాలరెన్స్‌ను 0.02కి పెంచి, వంపులను ఆర్క్‌లుగానే (వృత్తపు ముక్కలుగా) ఇచ్చే ఆప్షన్ ఆన్ చేశాక నడక నున్నబడింది.

అక్షరాలను క్యామ్‌లోనే టైప్ చేయకండి, చాలావాటిలో వత్తులు విడిపోతాయి, గుణింతం చెదిరిపోతుంది. ఇంక్‌స్కేప్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో టైప్ చేసి, పాత్‌గా (గీతల ఆకారంగా) మార్చి, ఆ తర్వాత తప్పనిసరిగా యూనియన్ చేయండి, అంటే ముక్కలన్నీ ఒకే ఆకారంగా కలపండి. మన ఫాంట్లలో వత్తు, అక్షరం ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి, యూనియన్ చేయకపోతే వీ బిట్టు ఆ కలిసిన చోట మధ్యలో ఒక గట్టు వదిలేస్తుంది. రామభద్ర లాంటి లావు ఫాంటు చెక్కడానికి బాగుంటుంది. సన్న ఫాంటు తీసుకుంటే వత్తుల దగ్గర బిట్టు లోతుకు దిగదు, గీరినట్టు ఉంటుంది. 90 డిగ్రీల బిట్టు కంటే 60 డిగ్రీలది మన అక్షరాలకు నప్పుతుంది, అదే వెడల్పుకు లోతు ఎక్కువ దిగుతుంది, నీడ బాగా పడుతుంది.

తామరపువ్వు, నెమలి లాంటి రిలీఫ్ (ఉబ్బెత్తు చెక్కడం) పనికి 3 మి.మీ. బాల్‌నోస్, అంటే గుండ్రటి మొన బిట్టు. స్టెప్‌ఓవర్ (ఒక నడకకూ పక్క నడకకూ మధ్య దూరం) ఎంత అన్నది టైమును తేల్చేస్తుంది. 300 x 400 పలకకు 0.3 పెడితే బిట్టు సుమారు 400 మీటర్లు నడవాలి, నిమిషానికి 2,000 మి.మీ. లెక్కన 3 గంటల 20 నిమిషాలు, అదీ ఎక్కడా నెమ్మదించకపోతే. 0.5 పెడితే 2 గంటలు. మిగిలే గాడి ఎత్తు మొదటిదానికి 0.008 లోపు, రెండోదానికి 0.02 మి.మీ. నా మాట ఏంటంటే, టేకు మీద పాలిష్ పెట్టే పలకకు 0.3 పెట్టండి, ఎందుకంటే రేకుల సందుల్లో సాండ్‌పేపర్ తిప్పడం అంత సులువు కాదు. రంగు వేసే ఎండీఎఫ్ పలకకు 0.5 చాలు. రెండింటిలోనూ నడక గ్రెయిన్ వెంట ఉండాలి.

చిన్న పలకలను బిగించడానికి క్లాంపులు అడ్డొస్తుంటే, చెక్క కిందా స్పాయిల్‌బోర్డు పైనా మాస్కింగ్ టేపు వేసి మధ్యలో ఫెవీక్విక్ పెట్టే పద్ధతి ఆయనకు బాగా నచ్చింది. దుమ్ము విషయంలో మాత్రం రాజీ లేదు. చెక్క పొడి క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం మొదటి గ్రూపులోనే చేర్చింది, టేకు పొడికి చర్మం మండేవాళ్లు కూడా ఉన్నారు. వాక్యూమ్‌తో పాటు ఎన్95 మాస్కు ఉండాలి. భుజం మీద కండువా, చేతికి గ్లౌజులు స్పిండిల్ దగ్గరకు రాకూడదు. ఎమర్జెన్సీ స్టాప్ నొక్కితే మోటార్లే కాదు, స్పిండిల్ కూడా ఆగాలి, చాలా సెటప్పుల్లో అది కలిపి ఉండదు.

సర్దుకున్నాక కోసిన 100 మి.మీ. బిళ్ల ఏ దిక్కున కొలిచినా తేడా 0.05 లోపే ఉంది, నాలుగు చోట్లా మెట్టు లేదు. 400 పలక ఫ్రేములో సుత్తి లేకుండా కూర్చుంది. పూజ గది తలుపు పలకలు మెషీన్ మీద చెక్కి, రేకుల కొసలను ఆయనే ఉలితో తేల్చి ఇస్తున్నారు. చేతిపని తెలిసినవాళ్ల దగ్గర ఈ మెషీన్‌కు ఉండాల్సిన చోటు అదే అని నాకు అనిపిస్తుంది.

సరికానిది ఒకటుంది. ఈ 6040లో గుండ్రటి రాడ్లకు చివర్లలోనే ఆధారం, మధ్యలో కింద పట్టు లేదు. టేబుల్ మధ్యలో బలంగా కోస్తే రాడ్డు కొద్దిగా వంగుతుంది, ఎంత ట్యూనింగ్ చేసినా అది పోదు. దానికి మందు కింద పొడవునా ఆధారం ఉండే రైళ్లు వేయడమే, అది ఇంచుమించు కొత్త మెషీన్ ఖర్చు. అప్పటిదాకా లోతైన గాడులున్న పలకలను మధ్యలో కాకుండా రాడ్డు చివర్ల వైపు పెట్టి కోయమని, చివరి పాస్ 0.3 మి.మీ. మాత్రమే ఉంచుకుని అదే గీత మీద రెండుసార్లు నడపమని చెప్పాను.